రెండో వెట్ గేట్‌లో ఎలక్ట్రోలైట్ పేస్ట్ పెట్టాక గుర్రం మేత మానేసింది, ఎక్కడ తప్పు చేశాను?

చుక్కనొసలు (ఆదివారం రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. నిన్న మా ఆడగుర్రంతో మొదటి 80 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ రైడ్‌కి (గుర్రం మీద చేసే దూరప్రయాణం పోటీ) వెళ్లాను, 60 దగ్గర ఆపేశారు. దాని వయసు తొమ్మిదేళ్లు, బరువు 430 కిలోల దాకా ఉంటుంది, ఇంతకుముందు 40 కిలోమీటర్లవి నాలుగు చేసింది, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మొదటి లూప్, అంటే మొదటి చుట్టు, 32 కిలోమీటర్లు. పొద్దున చల్లగా ఉంది, గుర్రం మంచి హుషారులో ఉంది, దారిలో రెండు చోట్ల తొట్లు పెట్టారు కానీ మూతి తడిపి తీసేసింది తప్ప గుటక వెయ్యలేదు. వెట్ గేట్‌లో, అంటే లూప్ అయ్యాక పశువైద్యులు గుర్రాన్ని పరీక్షించే చోట, పల్స్ 56, అన్నీ ఏ గ్రేడే ఇచ్చారు. అక్కడ పావు బకెట్ తాగింది, నేను 60 ఎంఎల్ సిరంజి నిండా ఎలక్ట్రోలైట్ (లవణాల) పేస్ట్ నోట్లో పెట్టాను. రెండో లూప్ 28 కిలోమీటర్లు, ఎండ ఎక్కింది, మెడ మీదా వెనక తొడల మధ్యా తెల్లగా నురగ కట్టింది. అయినా తాగట్లేదు. నాకు భయమేసి, ఉప్పు పడితే దాహం వేస్తుంది కదా అనుకుని రెండో గేట్‌లోకి రాగానే ఇంకో రెండు సిరంజిలు వరసగా పెట్టేశా.

పది నిమిషాల్లో గుర్రం మారిపోయిందండి. పై పెదవి పైకి తిప్పుతూ నిలబడిపోయింది, లూసర్న్ గడ్డి అంటే ప్రాణం దానికి, అది ముందు పెడితే వాసన చూసి తల పక్కకి తిప్పుకుంది. పల్స్ 68 దగ్గరే ఆగిపోయింది, ముందుకి వదలాలంటే కావాల్సిన 64కి దిగలేదు. పేగుల శబ్దం రెండు వైపులా దాదాపు లేదు. డ్రిప్ పెట్టారు. సాయంత్రానికి లద్ది వేసింది, రాత్రికి మేత పట్టింది, ఇవాళ బాగానే ఉంది. కానీ నా చేత్తో నేనే చెడగొట్టానా అనేది వదలట్లేదు. అసలు ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి?

ఉప్పురాయి (ఆదివారం రాత్రి 11:25)

గుర్రం కోలుకుంది కదా, ముందు అది చాలు. మీరు చేసింది మొదటి ఏడాది చాలామంది చేస్తారండి, నేనూ చేశాను. ఉప్పు పడితే దాహం వేస్తుందన్న మాట తప్పు కాదు, కానీ అప్పటికే ఎండిపోయిన గుర్రం విషయంలో ఆ మాట నమ్ముకోకూడదు.

మన చెమట పల్చన, రక్తంలో కంటే ఉప్పు తక్కువ ఉంటుంది. అందుకని మనకి చెమట పోస్తే ఉప్పు కంటే నీళ్లు ఎక్కువ పోయి రక్తం చిక్కబడుతుంది, వెంటనే నోరు ఎండుతుంది. గుర్రం చెమట వేరు. దాని రక్తంతో సమానంగానో ఇంకాస్త ఎక్కువగానో ఉప్పు ఉంటుంది అందులో. లీటరు చెమటలో లవణాలన్నీ కలిపి దాదాపు 10 గ్రాములు, సోడియం 3 గ్రాములు, క్లోరైడ్ 5 నుంచి 6, పొటాషియం గ్రామున్నర, కాల్షియం మెగ్నీషియం చాలా కొద్దిగా. నీళ్లూ ఉప్పూ కలిసే బయటికి పోతాయి కాబట్టి రక్తం చిక్కదనం పెద్దగా మారదు, 20 లీటర్లు పోయినా దాహం వెయ్యాలని మెదడుకి కబురే అందదు. మీ గుర్రం తొట్టి దగ్గర మూతి తీసేసింది మొండితనంతో కాదు, దానికి నిజంగానే దాహం తెలియలేదు. (మీరు చూసిన తెల్ల నురగ మాత్రం ఉప్పు కాదు, గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, రాపిడి తగిలితే అలా నురగ కడుతుంది. ఆరాక చారలుగా మిగిలేదే ఉప్పు.)

ఇప్పుడు మీ రెండు సిరంజిల సంగతి. ఆ పేస్ట్ రక్తం కంటే ఎన్నో రెట్లు చిక్కన. అది పొట్టలోకి వెళ్లాక పల్చబడాలంటే నీళ్లు కావాలి. గుర్రం తాగి ఉంటే ఆ నీళ్లే వాడుకుంటుంది, తాగకపోతే రక్తంలోంచి పేగులోకి లాక్కుంటుంది. అసలే 20, 25 లీటర్లు పోగొట్టుకున్న ఒంట్లోంచి ఇంకొన్ని లీటర్లు అలా లాగితే పల్స్ దిగదు, పేగు మందగిస్తుంది. లెక్క వేసుకోండి, రక్తంతో సమానమైన చిక్కదనం అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు. 60 గ్రాములు పెట్టారంటే దానికి దాదాపు 7 లీటర్ల నీళ్లు తోడు కావాలి. మీరు రెండో గేట్‌లో పెట్టిన దాంట్లో ఎంత ఉందో నాకు తెలీదు కానీ దానికి తోడుగా ఒక్క గుటక కూడా లేదు.

పరుగుబాట (సోమవారం ఉదయం 6:10)

నేనైతే ఆరేండ్ల సంది ప్రతి గేట్ల 60 గ్రాములు ఇస్తున్న, ఒక్కసారి గూడ ఇట్ల కాలే. ఇయ్యకపోతేనే మాకు సమస్య అయ్యింది, మొదటి ఏడు ఏం ఇయ్యకుండ తిప్పిన, రెండు రైడ్లల్ల కండరాలు పట్టేసి గుర్రం కర్రలెక్క నిలవడ్డది. అందుకే ఇది చూసి జనం భయపడి ఎలక్ట్రోలైట్స్ బంద్ చేస్తరేమో అని రాస్తున్న. ఇయ్యాలె, గట్టిగనే ఇయ్యాలె.

ఉప్పురాయి (సోమవారం ఉదయం 7:45)

అన్నా, మానేయమని నేను అనలేదు. ఒక్కటి చెప్పు, నీ గుర్రం గేట్‌లోకి వచ్చాక ఎంత తాగుతది?

పరుగుబాట (సోమవారం ఉదయం 8:02)

గేట్ దాక ఎందుకు, తోవల ఎక్కడ నీళ్లు కనవడ్డా ఆగుతది. గేట్ల బకెటున్నర, ఒక్కోపారి రెండు.

ఉప్పురాయి (సోమవారం ఉదయం 8:20)

అదే నేను చెప్పేది. నీ గుర్రానికి 60 గ్రాములు నీళ్లలో కలిసిపోతున్నాయి. చుక్కనొసలు గారి గుర్రానికి పడింది ఎంతో గానీ, పొడి పొట్టలో పడింది. పైగా నీది 500 కిలోల పైన ఉంటుంది, వాళ్లది 430.

వెట్_గుడారం (సోమవారం మధ్యాహ్నం 1:15)

నేను రైడ్లలో వెట్‌గా పనిచేస్తాను. ఉప్పురాయి గారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను. చుక్కనొసలు గారూ, మీరు వాడిన ట్యూబ్ మీద ఏమేం ఉన్నాయో వరస మార్చకుండా ఇక్కడ రాయగలరా? కంపెనీ పేరు అక్కర్లేదు.

చుక్కనొసలు (సోమవారం సాయంత్రం 6:30)

ఇప్పుడే చూశానండి. డెక్స్‌ట్రోజ్, సోడియం బైకార్బొనేట్, సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, తర్వాత ఫ్లేవర్, రంగు. కాల్షియం లేదు. పెట్టెమీద పెద్దక్షరాలతో కష్టపడే గుర్రాలకి అని ఉంది.

వెట్_గుడారం (సోమవారం రాత్రి 9:05)

అనుకున్నాను. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

చిన్న దూరం ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తే గుర్రానికి కండరాల్లో ఆసిడ్ పెరుగుతుంది, బైకార్బొనేట్ అంటే వంటసోడా, అది ఆసిడ్‌ని తగ్గిస్తుందన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. ఎండ్యూరెన్స్‌లో వ్యవహారం తలకిందులు. గంటల తరబడి చెమటలో అన్నిటికంటే ఎక్కువ పోయేది క్లోరైడ్. క్లోరైడ్ తగ్గేకొద్దీ కిడ్నీలు దాని బదులు బైకార్బొనేట్‌ని పట్టి ఉంచుతాయి, రక్తం క్షారం వైపు జరుగుతుంది. అంటే మన గుర్రాలకి ఆ బైకార్బొనేట్ అప్పటికే ఎక్కువైపోయి ఉంటుంది, పైనుంచి మనం ఇంకా పోస్తున్నాం. రక్తం అలా క్షారం వైపు వెళ్తే కాల్షియం ప్రోటీన్లకి అతుక్కుని, నరాలకి అందుబాటులో ఉండే భాగం పడిపోతుంది. థంప్స్ (గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్క అదరడం) వచ్చేది చాలావరకు ఈ దారిలోనే.

కాబట్టి బైకార్బొనేట్ ఉన్నది ఏదీ ఎండ్యూరెన్స్‌కి కొనొద్దు. లేబుల్‌లో మొదటి పేరు చక్కెరదైతే అది కూడా పక్కన పెట్టండి, మొదట ఉండాల్సింది సోడియం క్లోరైడ్. చక్కెర రుచికి కాస్త ఉంటే తప్పులేదు.

గోధుమజూలు (సోమవారం రాత్రి 10:50)

థంప్స్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను, ఎందుకంటే నేను చూసేదాకా నాకూ అది పుస్తకంలో మాటే.

మా గెల్డింగ్‌కి (విత్తులు తీసిన మగగుర్రం) 100 కిలోమీటర్ల రైడ్‌లో మూడో గేట్ దగ్గర వచ్చింది. జీను విప్పి తడిగుడ్డతో తుడుస్తుంటే డొక్కలో చెయ్యి కింద ఏదో టక్ టక్ మని కొట్టుకుంటోంది, ఊపిరితో సంబంధం లేకుండా. ముందు ఎక్కిళ్లనుకున్నా. క్రూలో (గేట్ల దగ్గర గుర్రాన్ని చూసుకునే సాయం జట్టులో) ఉన్న అక్క గుర్రం ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు పెట్టి, నా చేతిని డొక్కమీదే ఉంచమని, గుండె కొట్టుకున్నప్పుడల్లా "ఇదిగో, ఇదిగో" అని చెప్తుంటే, ఆవిడ మాటకీ నా చేతికింద కుదుపుకీ ఒక్క క్షణం కూడా తేడా లేదు. డయాఫ్రమ్‌కి వెళ్లే నరం గుండె పక్కనుంచే పోతుంది, కాల్షియం తగ్గితే ఆ నరం మరీ సున్నితమైపోయి గుండె ప్రతి కొట్టుకి డయాఫ్రమ్ అదిరిపోతుంది. వెట్ వెంటనే రైడ్ ఆపేసి, గుండె వింటూ చాలా నెమ్మదిగా కాల్షియం ఎక్కించారు, అరగంటలో ఆ కుదుపు తగ్గిపోయింది. గుర్రం బాధపడుతున్నట్టు కూడా కనపడలేదు, అదే నాకు భయం. డొక్కలో చెయ్యి పెట్టకపోయి ఉంటే నాలుగో లూప్‌కి తీసుకెళ్లిపోయేదాన్ని.

ఇంటిదగ్గర రోజంతా లూసర్నే పెట్టేదాన్ని అప్పట్లో. అందులో కాల్షియం చాలా ఎక్కువ. ఎప్పుడూ బయటినుంచి దండిగా వస్తుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసి వాడుకునే అలవాటు ఒంటికి మందగిస్తుందని, అవసరం పడ్డ రోజున వెంటనే అందదని వెట్ చెప్పారు. ఇప్పుడు ఇంట్లో మామూలు ఎండుగడ్డే ఎక్కువ, లూసర్న్ రైడ్ రోజు గేట్లలో పెడతా. మళ్లీ రాలేదు.

కొత్తకళ్లెం (మంగళవారం ఉదయం 9:30)

అండి నేను ఇంకా 20 కిలోమీటర్ల దగ్గరే ఉన్నాను, అడగొచ్చో లేదో, వారం ముందు నుంచి రోజూ ఎక్కువెక్కువ ఇచ్చి ఒంట్లో నిల్వ చేసుకోవచ్చా?

వెట్_గుడారం (మంగళవారం ఉదయం 11:40)

అడగండి, మంచి ప్రశ్న. నిల్వ ఉండదు. ఎక్కువైన సోడియం మూత్రంలో పోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే. వారం పాటు ఎక్కువ పోస్తే గుర్రం ఎక్కువ మూత్రం పోస్తుంది, అంతకంటే ఏం జరగదు.

మీరు చెయ్యాల్సింది రోజువారీ లోటు లేకుండా చూడటం. పని లేని 500 కిలోల గుర్రానికి రోజుకి 10 గ్రాముల సోడియం కావాలి, అంటే 25 గ్రాముల మామూలు ఉప్పు. గడ్డిలో సోడియం బాగా తక్కువ, పొటాషియం మాత్రం దండిగా ఉంటుంది. అందుకే ఇంట్లో పొటాషియం పొడులు వెయ్యక్కర్లేదు, దాణాలో ఉప్పు కలిపితే చాలు, చెమట పట్టే పని ఉన్న రోజు ఇంకాస్త. ఉప్పు దిమ్మ నాకించే అలవాటు ఉన్నా కొన్ని గుర్రాలు సరిపడా నాకవు, నాలిక పుళ్లు పడేదాకా నాకవు కదా. క్వార్టర్ హార్స్ రక్తం ఉన్న గుర్రమైతే హెచ్‌వైపీపీ అనే జన్యు జబ్బు లేదని తెలిసేదాకా పొటాషియం ఉన్నది ఏదీ పెట్టొద్దు, వాటికి అది ప్రాణం మీదికి వస్తుంది.

నిల్వ అంటారా, అది ఒంట్లో ఉంది, పెద్దపేగులో. ఎండుగడ్డి బాగా తిన్న గుర్రం పెద్దపేగు నిండా నీళ్లు పట్టి ఉంచుతుంది, అందులో లవణాలు కూడా ఉంటాయి, రైడ్‌లో దాన్నే కొద్దికొద్దిగా వాడుకుంటుంది. ముందురోజు రాత్రంతా గడ్డి ముందు ఉండాలి. నేను ఇచ్చే సలహాల్లో అన్నిటికంటే చవకైంది ఇదే, అన్నిటికంటే తక్కువమంది వినేదీ ఇదే.

క్రూ_బకెట్ (మంగళవారం రాత్రి 8:15)

నేను రైడ్ చెయ్యను, మా ఇంటాయనకీ ఇంకో ఇద్దరికీ పన్నెండేళ్లుగా క్రూ చేస్తున్నా. నీళ్ల సంగతి నేను చెప్తా.

గేట్‌లోకి రాగానే రెండు బకెట్లు పెడతా, ఒకదాంట్లో లీటరుకి 9 గ్రాముల లెక్కన ఉప్పు కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. 2002లో ఒక పరిశోధన వచ్చింది, ఎండిపోయిన గుర్రాలకి మొదట ఉప్పునీళ్లు తాగించి తర్వాత మంచినీళ్లు ఇస్తే, మొదటినుంచీ మంచినీళ్లు తాగినవాటికంటే బాగా కోలుకున్నాయని. మంచినీళ్లే తాగితే రక్తం పల్చబడి సగంలోనే దాహం ఆగిపోతుంది, ఉప్పునీళ్లతో ఆగదు. కానీ రైడ్ రోజు మొదటిసారి పెడితే ఏ గుర్రమూ తాగదు. ఇంటిదగ్గర, పని చేయించి తీసుకొచ్చాక, మూడు గ్రాముల లెక్కన మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. మంచినీళ్ల బకెట్ పక్కనే లేకుండా ఉప్పు బకెట్ ఎప్పుడూ పెట్టొద్దు.

తాగని గుర్రానికి నీళ్లు తినిపించాలి. బీట్ పల్ప్ (చక్కెర తీశాక మిగిలిన బీట్ దుంప పిప్పి) జావలా నానబెట్టి, గడ్డి తడిపి, చేత్తో పిండితే నీళ్లు కారేలా. ఉప్పు కూడా ఆ జావలోనే కలిపేయొచ్చు, సిరంజి కంటే పొట్టకి చాలా నయం.

ఇంకోటి, దీన్ని ఎవరూ ఎలక్ట్రోలైట్స్ లెక్కలో వెయ్యరు కానీ నేను వేస్తా. చల్లబరచడం. వేడి ఉక్కలో గుర్రం గంటకి 10 నుంచి 15 లీటర్ల చెమట పోస్తుంది, నేను చల్లటి నీళ్లు పోసి దాని వేడి దించితే అంత చెమట అవసరం ఉండదు, అంత ఉప్పూ పోదు. చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని పాతవాళ్లు భయపెట్టేవాళ్లు, 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు దీనిమీద బోలెడు పరిశోధన చేసి ఆ భయం తీసేశారు. వేడిమీద ఉన్న గుర్రాన్ని నీళ్లు తాగనివ్వకూడదన్నది కూడా అలాంటిదే. తాగనివ్వండి.

పరుగుబాట (బుధవారం ఉదయం 6:25)

అక్కా ఉప్పునీళ్ల ముచ్చట నాకు తెల్వది, చేసి చూస్త. నేను ఇంకోటి అడుగుత. నా గుర్రం సిరంజి చూస్తే ఈ మధ్య తల ఎత్తేస్తున్నది, రైడ్ అయినంక రెండు దినాలు దాణ సగమే తింటున్నది. ఇది గూడ దీంతోనేనా?

వెట్_గుడారం (బుధవారం మధ్యాహ్నం 12:50)

అయ్యుండొచ్చు అన్నా, గుర్రానికి కడుపులో పుండ్లున్నాయేమో చూపించు. 2005లో వచ్చిన అధ్యయనంలో చిక్కటి ఎలక్ట్రోలైట్ ద్రావణం గంటకోసారి పదేపదే ఇచ్చి చూస్తే గుర్రాల కడుపులో పుండ్లు పెరిగాయి. ఆరేళ్లుగా ప్రతి గేట్‌లో ఇస్తున్నావు కదా. నోరు కూడా చూడు, పేస్ట్ చెంపల లోపల నిలిచి పుండు చేస్తుంది, ఆ మంటకి తల ఎత్తుతుంది. ఎండోస్కోపీ అయ్యేదాకా సిరంజి ఆపి ఉప్పు మేతలో కలుపు. సిరంజే పెట్టాల్సి వస్తే ఖాళీ కడుపుమీద వద్దు, నాలుగు గుప్పిళ్లు గడ్డి తిన్నాక, పెరుగులోనో ఆపిల్ గుజ్జులోనో కలిపి పెట్టు, తర్వాత నోట్లో నీళ్లు కొట్టి కడుగు. డోసు సగం చేసి రెండుసార్లుగా ఇవ్వు.

చుక్కనొసలు (బుధవారం రాత్రి 9:40)

అందరూ ఇంత వివరంగా రాశారు, చాలా చాలా థాంక్స్ అండి. నేను అనుకున్నది రాస్తున్నా, తప్పుంటే సరిచెయ్యండి. రైడ్ అంతటికీ 40 లీటర్ల చెమట అనుకుంటే 400 గ్రాముల లవణాలు పోతాయి, దాన్ని మూడు భాగాలు చేసి ఒక్కో గేట్‌లో...

ఉప్పురాయి (బుధవారం రాత్రి 10:05)

ఆగండాగండి, అక్కడే మళ్లీ అదే గోతిలో పడతారు. పోయినదంతా ఆరోజే తిరిగి పెట్టాలని లేదు, పెట్టలేరు కూడా. పెద్దపేగులో ఉన్నది కొంత, మేతలో వచ్చేది కొంత, రైడ్ అయ్యాక రెండు రోజుల్లో కొంత. మీరు చేసేది మధ్యలో లోటు మరీ లోతుకి పోకుండా చూడటం అంతే.

మీ గుర్రానికైతే 20 నుంచి 25 గ్రాములతో మొదలుపెట్టండి, బీట్ పల్ప్ జావలో, తాగిన తర్వాత. తాగకపోతే ఇవ్వకండి, తడిమేత పెట్టి, చల్లబరచి, ఎదురుచూడండి. అప్పటికీ తాగదు తినదు అంటే అది ఎలక్ట్రోలైట్ సమస్య కాదు, వెట్‌ని పిలవాల్సిన సమస్య.

పొడి ఇంట్లోనే కలుపుకోవచ్చు. లీటరు చెమటకి లెక్క ఏడున్నర గ్రాముల మామూలు ఉప్పు, మూడు గ్రాముల పొటాషియం క్లోరైడ్. ఈ రెండూ కలిపితే సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ దాదాపు చెమటలో ఉన్న పాళ్లలోనే వస్తాయి. కాల్షియం కార్బొనేట్ చిటికెడు. ఒక్క మాట, ఎలక్ట్రోలైట్స్ మొదటిసారి రైడ్‌లో పెట్టొద్దు, ట్రైనింగ్‌లో పెట్టి చూసుకోండి.

చుక్కనొసలు (ఏడు వారాల తర్వాత, శనివారం రాత్రి 11:20)

ఇవాళ 80 పూర్తి చేశామండి!!

ఉప్పునీళ్లు నేర్పడానికి నెల పట్టింది. మొదటి వారం బకెట్ మూతితో తోసేసేది, మూడో వారం లీటరుకి 6 గ్రాముల దగ్గర తాగడం మొదలెట్టింది, 9 దాకా తెచ్చాను. నిన్న రాత్రంతా గడ్డి, ఇవాళ పొద్దున జావలో 20 గ్రాములు. మొదటి లూప్‌లో మళ్లీ తొట్టి దగ్గర తాగలేదు. పోయినసారైతే గేట్‌లో సిరంజి తీసేదాన్ని. ఇవాళ ఉప్పు బకెట్ పెట్టి పక్కకి వెళ్లి నిలబడ్డా, రెండు నిమిషాలు ఊరికే చూసింది, తర్వాత మూతి పెట్టి నాలుగు లీటర్ల దాకా లాగింది, వెంటనే పక్క బకెట్‌లో మంచినీళ్లు. ఆ తర్వాతే జావ పెట్టాను, ఉప్పు కలిపి. రెండో లూప్‌లో వాగు దగ్గర తనే ఆగి తాగింది, చెవులు గుటక గుటకకీ కదులుతుంటే కిందికి దిగి లెక్కపెట్టా, 31 గుటకలు. రెండో గేట్‌లో పల్స్ ఆరు నిమిషాల్లో 60. డొక్కలో చెయ్యి పెట్టి చూశాను గోధుమజూలు అక్కా, రెండు గేట్లలోనూ, ఊపిరి తప్ప ఏమీ లేదు. చివర పల్స్ 58, పేగుల శబ్దం రెండు వైపులా బాగుంది.

ఇప్పుడు పక్కనే గడ్డి నములుతోంది. రేపు ఎల్లుండి ఎంత ఉప్పు ఇవ్వాలి, మామూలుగా ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తే సరిపోతుందా?

ఉప్పురాయి (శనివారం రాత్రి 11:48)

శభాష్ అండి. రెట్టింపు సరిపోతుంది, రెండు పూటలా తడిదాణాలో, మంచినీళ్లు ఎప్పుడూ ముందుండాలి. పొద్దున మూత్రం రంగు ఒకసారి చూసి చెప్పండి.

పరుగుబాట (ఆదివారం ఉదయం 5:55)

మస్తు చేసినవ్ చెల్లె. నా దానికి పుండ్లు ఉన్నయని తేలింది, నెల మందు అయ్యింది, దాణ మంచిగ తింటున్నది ఇప్పుడు. ఉప్పునీళ్లు మూడు గ్రాముల కాడ ఉన్న, నువ్వు ఆరుకి ఎన్నిరోజులకు పెంచినవో జర రాయి.